తీగ మీద వచ్చిన మామిడికాయ పులుసు

రంగమ్మాళ్ చాలా ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ప్లగ్గులు గుచ్చి, ఊరికీ ఊరికీ మాట కలపడం ఆమె ఉద్యోగం. ఆ పని మిషన్లే చేసుకునే రోజులు రావడంతో వయసుకు ముందే రిటైరై ఇంటికి వచ్చేసింది. కానీ ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాలేదు.

అదే సమయంలో, తమిళ సీమలోని పాలక్కోడు రోడ్డు మీదున్న నారాయణసామి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోకి కంప్యూటర్లు వచ్చాయి. వాటిని కలిపే తీగలను చూసుకోవడానికి మనిషి కావలసివచ్చింది. పట్టాలు పుచ్చుకున్న కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగారు. నారాయణసామి మాత్రం మనిషిని పంపి రంగమ్మాళ్‌ను పిలిపించాడు.

"కంప్యూటరుదేముంది అక్కా, బెంగుళూరు వాళ్లు నేర్పిస్తామంటారు. లైను పడిపోతే బెదిరిపోని మనిషి కావాల నాకు" అన్నాడు.

రంగమ్మాళ్ బెంగుళూరు పోయి నేర్చుకుని వచ్చింది. ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో పెద్ద కంప్యూటరు ఉండేది. అక్కడి నుంచి ఒక తీగ కాయలు ఏరే షెడ్డుకు పోతుంది. షెడ్డు గోడకు బిగించిన పెట్టెలో అది రెండుగా చీలి, ఒక కొమ్మ లారీలు తూచే గేటుకూ, ఇంకో కొమ్మ గుజ్జు డబ్బాలు దాచే చల్లగదికీ పోతుంది. ఈ ఏర్పాటునంతా బెంగుళూరు వాళ్లు నెట్‌వర్కు అన్నారు. రంగమ్మాళ్ చివరిదాకా దాన్ని లైను అనే పిలిచింది.

గేటు దగ్గర కంప్యూటరు ముందు పంచవర్ణం కూర్చునేది. మహేంద్రమంగళం నుంచి బస్సులో వచ్చే పిల్ల. ఇంట్లో తెలుగు, బడిలో చదివిందంతా తమిళం. చల్లగదిలో ధర్మరాజ్. అతనిది బొమ్మిడి, తమిళం మాట్లాడే ఇల్లు. ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటూనే తెలుగు కూడా కొంచెం కొంచెం నేర్చుకున్నాడు.

ఆ కంప్యూటర్లలో ఒక సదుపాయం ఉంది. ఒక లైను టైపు చేసి పంపితే, అవతలివాళ్ల తెర అడుగున ఆ లైను కనబడుతుంది. అయితే ఇంగ్లీషు అక్షరాలు తప్ప వేరేవి పడవు. ఒక మధ్యాహ్నం రంగమ్మాళ్ తెర అడుగున ఏదో కనబడింది. ఇంగ్లీషేమో అని చదవబోయింది, అర్థం కాలేదు. పెదాలు కదిపి మెల్లగా బయటికి చదివింది. "అక్కా, అన్నం తింటివా?"

అది తెలుగు! రంగమ్మాళ్ గట్టిగా నవ్వేసింది. వాళ్లింట్లో ఎన్ని తరాలుగానో తెలుగు మాట్లాడుతున్నారు గానీ, రాసినవాళ్లు ఆమెకు తెలిసి లేరు. ఉత్తరాలు తమిళంలో, అర్జీలు ఇంగ్లీషులో. తెలుగు నోటితో అనుకునేదే తప్ప కంటితో చూసేది కాదు. అలాంటిది తన తల్లి అడిగినట్టే "తింటివా" అని తెర మీద మెరుస్తోంది. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ జవాబు కొట్టింది. "తింటిని. నువ్వు?"

ఆ రోజు నుంచి లైను మీద కబుర్లు ఆగలేదు. గేటు నుంచి ఏ లారీ డ్రైవరు ఎవరితో గొడవపడ్డాడో, చల్లగది నుంచి ఎంత చలిగా ఉందో. ధర్మరాజ్ తప్పుల తెలుగు చూసి పంచవర్ణం సరిదిద్దేది. పని మాత్రం ఎక్కడా ఆగలేదు. రంగమ్మాళ్ చూసీ చూడనట్టు ఊరుకోలేదు, తానే ఎగదోసింది. ఎక్స్ఛేంజిలో కొత్తగా చేరిన పిల్లలకు ఆమె చెప్పే మాట ఒకటుంది: మాట నడవని లైను చచ్చిపోయినా మనకు తెలియదు, అవసరం పడినప్పుడే తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఒకనాడు నారాయణసామి ఎవరో పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చి కంప్యూటరు చూపిస్తుండగా, తెర అడుగున పంచవర్ణం మాట ఊడిపడింది. "అక్కా, మొదలాళి ఈ పొద్దు కోపంగా ఉండాడా?"

యజమాని నారాయణసామిని ఫ్యాక్టరీలో అందరూ మొదలాళి అనే పిలుస్తారు. పెద్దమనిషి తమిళాయన. అదేమిటని అడిగాడు. నారాయణసామి ఎర్రబడిన ముఖంతో ఏదో చెప్పి ఆయన్ను సాగనంపి తిరిగొచ్చాడు.

"ఏమక్కా ఇది? ఇంత ఖర్చుపెట్టి తెచ్చింది అరట్టై కబుర్లు కొట్టుకోడానికా? ఆపేయండి."

"ఆపేస్తాను. అయితే ఆపేది తప్పు అని ముందే చెప్తా ఉన్నాను. మాట నడుస్తా ఉంటే లైను బాగుండేది నాకు తెలుస్తాది."

"లారీల లెక్క నడిస్తే చాలు."

"సరి. మీ ఫ్యాక్టరీ, మీ మాట" అని రంగమ్మాళ్ ఆ సాయంత్రమే ఆపేసింది. ఒప్పుకోని సంగతి ముఖాన చెప్పేయాలి, చెప్పాక అప్పజెప్పిన పని మనస్ఫూర్తిగా చెయ్యాలి అనేది ఆమె పద్ధతి. లోపల ఒకటి పెట్టుకుని బయట ఒకటి చేసేవాళ్ల చేతిలో ఏ లైనూ బాగుపడదని ఆమె నమ్మకం.

1989 మామిడి సీజను ముమ్మరంగా ఉన్న రోజులు. బెంగళూరా రకం మామిడికాయల లారీలు రోడ్డు దాకా వరుస కట్టాయి. దుబాయి నుంచి గుజ్జు కొనేవాళ్లు వస్తున్నారని ఫ్యాక్టరీకంతా సున్నం కొట్టించారు. ఆ వారంలోనే గేటు కంప్యూటరు మొండికేయడం మొదలుపెట్టింది. లారీ తూకం వేసి కొడితే ఒకసారి ఆఫీసుకు చేరేది, ఒకసారి తెర బిగుసుకుపోయేది. మళ్లీ కొట్టాలి. లారీ ముందుకు కదలదు. వెనక డ్రైవర్లు హారన్లు మోగించేవాళ్లు.

రంగమ్మాళ్ గేటుకు పరుగెత్తేది. ఆమె వచ్చేసరికి అంతా బాగుండేది.

"డాక్టరును చూస్తే పోయే కడుపునొప్పి మాదిరి ఉందక్కా" అంది పంచవర్ణం ఏడుపుముఖంతో.

రంగమ్మాళ్ అందరినీ విడివిడిగా అడిగింది, తీగను ఎవరైనా ముట్టుకున్నారా అని. ఎవరూ ముట్టలేదన్నారు. బెంగుళూరుకు ఫోను చేస్తే మనిషిని పంపడానికి టైము పడుతుందన్నారు. ఈలోగా కాయలు ఎండలో మాగిపోతున్నాయి. రంగమ్మాళ్ నేరుగా నారాయణసామి దగ్గరికి పోయింది.

"మొదలాళీ, పిల్లల పేచ్చు, కబుర్లు మళ్లీ నడవనియ్యండి."

"ఇప్పుడా? ఊరంతా గేటు ముందర అరుస్తా ఉంటే?"

"ఇప్పుడే కావాల. లారీ లారీకి ఒకసారి మాట్లాడితే లైను నాడి దొరకదు. లైను ఎక్కువసేపు బాగుంటాది, నిమిషంసేపు పోతాది, మళ్లీ వస్తాది. విడవకుండా మాట్లాడితేనే ఎక్కడ తెగతా ఉందో చిక్కుతాది. ముందర ఆ పిల్లలు మాట్లాడతా ఉన్నప్పుడు ఒక మాట రాకపోతే మరుక్షణం నన్ను కేకేసేవాళ్లు. ఇప్పుడు ఎవరూ చెప్పేవాళ్లు లేరు."

నారాయణసామి కిటికీలోంచి లారీల వరుస చూశాడు. బయట హారన్ల మోత. "సరి, చేయండి" అన్నాడు.

రంగమ్మాళ్ గేటుకూ చల్లగదికీ కబురు చేసింది. ఆపకుండా ఏదో ఒకటి కొడుతూ ఉండండి, ఏదైనా సరే.

పంచవర్ణానికి ఏమి కొట్టాలో తోచలేదు. ఎదురుగా ఉన్న లారీ నిండా మామిడికాయలు కనబడ్డాయి. వాళ్లమ్మ చేసే మామిడికాయ పులుసు మొదలుపెట్టింది. కాయ తీసుకోవాల. తోలు తియ్యకూడదు. పెద్ద ముక్కలు కొయ్యాల. ఒక్కో మాట ఒక్కో లైను. చల్లగది నుంచి ధర్మరాజ్ ప్రశ్నలు వేయసాగాడు. టెంక ఉండవచ్చా? ఉప్పు ఎప్పుడు?

కాసేపు చూసేసరికి ఒక సంగతి తేలింది. ధర్మరాజ్ లైన్లు ఒక్కటీ పోలేదు. గేటు లైన్లే మధ్యమధ్య ఆగుతున్నాయి. అంటే ఆఫీసు నుంచి షెడ్డు పెట్టె దాకా తీగ బాగుంది. పెట్టెకూ గేటుకూ మధ్యనే జబ్బు.

"నేను పోయి తీగ వెంబడి నడుస్తాను. మీరు ఈడ తెర చూస్తా ఉండండి" అంది రంగమ్మాళ్ నారాయణసామితో. "గేటు మాట వస్తా ఉన్నంతసేపు కిటికీలో నుంచి తువ్వాలు ఎత్తి పట్టుకోండి. ఆగిపోతే దించండి."

"నేనా?"

"ఇంకెవరుండారు?"

నారాయణసామి తెర ముందు కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి కిటికీ బయటకు ఎత్తాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు చదవడం ఆయనకు కొత్త. చిన్నపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు, పెద్ద గొంతుతో కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు.

"మి... ర... ప... పొడి! మిరపపొడి వెయ్యాల! ఉడ... ఉడకనియ్యాల!"

షెడ్డులో కాయలు ఏరుతున్న ఆడవాళ్లు తల ఎత్తి చూశారు. మొదలాళి కిటికీలో నిలబడి తువ్వాలు ఊపుతూ వంట చెప్తున్నాడు. ఒకామె కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. "మిరపపొడి ఎంత మొదలాళీ?" అని ఎవరో అరిచారు.

రంగమ్మాళ్ కూడా నవ్వుతూనే తీగ వెంట నడిచింది. ఒక కన్ను తీగ మీద, ఒక కన్ను తువ్వాలు మీద. షెడ్డు చివర గుజ్జు తీసే పెద్ద మిషను ఉంది. అప్పటిదాకా ఆగి ఉన్న ఆ మిషను గర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది. తువ్వాలు దిగిపోయింది. మిషను ఆగింది. తువ్వాలు లేచింది. ఇంకోసారి మిషను వేయమని రంగమ్మాళ్ సైగ చేసింది. తువ్వాలు మళ్లీ దిగింది.

ఆమె మిషను వెనక్కి పోయి చూసింది. గోడకు మేకులతో బిగించి ఉండవలసిన తీగ గోడ మీద లేదు. మిషను నుంచి వచ్చే గొట్టానికి తాడుతో చుట్టి కట్టేసి ఉంది. గొట్టం అదిరినప్పుడల్లా తీగ అతుకు వదులై మాట తెగుతోంది. పక్కనే కొత్తగా సున్నం కొట్టిన తెల్లటి గోడ.

సున్నం కొట్టే వేడియప్పన్ అక్కడే డబ్బా కడుగుతున్నాడు. రంగమ్మాళ్ చూపించగానే అతను తెల్లబోయాడు. "తీగను మేమేమీ చెయ్యలేదమ్మా" అన్నాడు తమిళంలో. "గోడకు సున్నం కొట్టాం, అంతే. మధ్యలో అడ్డం వస్తే పక్కకు తీసి భద్రంగా కట్టాం."

అతను అబద్ధమాడటం లేదని రంగమ్మాళ్‌కు తెలుసు. తప్పు తాను అడిగిన తీరులోనే ఉంది. తీగను ఎవరు ముట్టుకున్నారని అడిగింది గానీ, తీగ పక్కన ఏ పని జరిగిందని అడగలేదు. ఎవరికి వాళ్లు తమ పనే చేసుకుంటారు, ఆ పని ఇంకొకరి లైనును కదిలించిందని వాళ్లకెలా తెలుస్తుంది? ఆమె అతని భుజం తట్టి, సుత్తీ మేకులూ తెప్పించింది. ఇద్దరూ కలిసి తీగను గోడకు ఎక్కించారు. అతుకు బిగించింది. మిషను వేయమంది.

మిషను గర్రుమంది. కిటికీలో తువ్వాలు లేచే ఉంది. షెడ్డంతా ఈలలు, చప్పట్లు.

రంగమ్మాళ్ ఆఫీసుకు వచ్చేసరికి నారాయణసామి కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు. "సున్నం కొట్టమన్నది నేనే కదక్కా! నా లైను నేనే తెంపుకున్నాను."

"దానికేమి మొదలాళీ. లైను ఉన్న చోట తెగడం ఉండేదే. సీక్రంగా, వెంటనే తెలిసినాదా లేదా, అదే చూసుకోవాల."

ఆయన మళ్లీ తెర వైపు తిరిగాడు. రెండు చూపుడువేళ్లతో తన జీవితంలో మొదటి తెలుగు మాట రాశాడు. "పంచవర్ణం, లారీలు లోపలికి విడు."

జవాబు వెంటనే వచ్చింది. "సరి మొదలాళీ. బెల్లం వేసేది మీకు చేరినట్టు లేదు. కడాసిలో, దించే ముందర వెయ్యాల."

ఆ తర్వాత కబుర్లు ఆపే ఊసెత్తలేదు ఆయన. దుబాయి వాళ్లు వచ్చినప్పుడు ఆయనే వాళ్లను తెర ముందుకు తీసుకుపోయి, గేటుకు ఒక మాట పంపి, జవాబు రప్పించి చూపించాడు. గుజ్జు రుచి చూసి వాళ్లు ఆర్డరు ఇచ్చి వెళ్లారు.

లైను బాగైన రోజు పొద్దువాలే వేళకు వరుసలో చివరి లారీ లోపలికి వచ్చింది. తీర్థమలై నుంచి వచ్చిన ఆ డ్రైవరు పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నాడు. తిడతాడేమో అనుకుంటే, క్యాబిన్‌లో దాచుకున్న సెందూరా మామిడిపళ్ల గంప దించి గేటు దగ్గర పెట్టాడు. అందరూ చేరారు. ధర్మరాజ్ చల్లగది నుంచి స్వెట్టరుతోనే పరుగెత్తుకొచ్చాడు. వేడియప్పన్ సున్నం చేతులు లుంగీకి తుడుచుకుని ఒక పండు అందుకున్నాడు. నారాయణసామి నిలబడే పండు జుర్రాడు, రసం మోచేతి దాకా కారింది.

పంచవర్ణం రెండో పండు సగంలో ఉండగా లోపల కంప్యూటరు బీప్‌మంది. ఆమె అలాగే లేచి పోబోయింది.

"ఏయ్! ఆ చేతులతో కీబోర్డు ముట్టుకుంటే చంపేస్తాను" అని అరిచింది రంగమ్మాళ్, తన నోటి నిండా మామిడిపండు పెట్టుకునే.