బొటనవేలి కింద

నాన్న, పెద్దమ్మ, పెదనాన్న, పాస్టరుగారు, అమ్మతో పనిచేసే నర్సు పిన్ని, తను, ఆరుగురు, ఆరు కప్పులు చాలు అనుకుంది, అనుకుని మళ్ళీ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది, అమ్మతో ఏడుగురు, లోపలి గదిలో మంచం మీద ఉన్న అమ్మని ఇంట్లో మనిషిగా లెక్కెయ్యాలా వద్దా, మొన్నటిదాకా అయితే మొదటి కప్పు అమ్మదే, రాత్రి డ్యూటీ దిగి వచ్చి తెల్ల బూట్లు గుమ్మంలో విడిచి, టీ కప్పు రెండు చేతులా పట్టుకుని తాగకుండా ముందు మొహానికి ఆవిరి పట్టుకునేది, ముక్కులోంచి ఆస్పత్రిని తరిమేస్తున్నా, ఉండు అనేది, అమ్మాయ్, పేజీ ఎంతవరకూ వచ్చింది, అని ముందు గదిలోంచి పాస్టరుగారి గొంతు, నాలుగింటికల్లా చర్చిలో ఉండాలి, చదివేది నేనే కదా, కాస్త పెద్ద పెద్ద అక్షరాలు రాయి తల్లీ, ఈ కళ్ళద్దాలు నా మాట వినడం మానేశాయి, ఆఁ అంది, ఆ ఆఁ వంటగది గుమ్మం కూడా దాటలేదు, నోట్లో నాలుక లేని పిల్ల అని పెద్దమ్మ ఊరికే అనదు, మూగపిట్ట అని పేరు పెట్టింది కూడా ఆవిడే, మాటలన్నీ తీసుకెళ్ళి ఆ డైరీలో పోసేస్తుంది, ఇక మనకేం మిగులుతాయి అంటుంది, అందుకే అమ్మ జీవితం ఒక్క పేజీలో రాసే పని తన మీద పడింది.

పుట్టిన తేదీ రాసింది, నర్సు శిక్షణ పూర్తయిన ఏడు రాసింది, ఇరవై రెండేళ్ళు ఒకే ఆస్పత్రిలో సేవ అని రాసింది, మూడు వాక్యాలకే అమ్మ అయిపోయింది, మిగతా పేజీ అంతా తెల్లగా ఉంది, సంఘంలో నమ్మకమైన సభ్యురాలు అని రాయమన్నారు పాస్టరుగారు, కానీ అమ్మ కూర్చునేది తలుపు పక్కన చివరి బల్ల మీద, ఆస్పత్రి నుంచి కబురొస్తే ఎవరి కాళ్ళూ తొక్కకుండా లేచిపోవచ్చని, డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చిన ఆదివారాలైతే ప్రసంగం మొదలవగానే తల వాలిపోయేది, ఒకసారి పాస్టరుగారే అడిగారు, ఏమ్మా సిస్టర్, ఇవాళ వాక్యం ఎలా ఉంది అని, అమ్మ తడుముకోకుండా, చాలా బాగుంది అయ్యగారూ, కళ్ళు మూసుకుని విన్నా అంది, ఇది రాయకూడదు కాబోలు, అమ్మ గుండె మీద పిన్నుతో గుచ్చుకునే గడియారం సంగతి, అది తలకిందులుగా వేలాడేది, చిన్నప్పుడు అమ్మకి గడియారం పెట్టుకోవడం రాదనుకుంది తను, కాదే పిచ్చిదానా, చూసేవాళ్ళకి తలకిందులు, వంగి చూస్తే నాకు తిన్నగానే ఉంటుంది అని నవ్వింది అమ్మ, ఇదీ రాయకూడదు కాబోలు, ఇంకోసారి తనే అమ్మని అడిగింది, మనిషి బతకడని నీకు ముందే తెలిసిపోతే, వాళ్ళవాళ్ళు వచ్చి ఎలా ఉందమ్మా అంటే ఏం చెప్తావు అని, అమ్మ బూటుకి తెల్ల పాలిష్ రాస్తూ రాస్తూ ఆగింది, అబద్ధం మేం చెప్పకూడదు, నిజం డాక్టరు చెప్పాలి, అందుకని లోపల పని ఉందమ్మా అని తలుపేసేస్తాం, చప్పుడు కాకుండా వెయ్యడం ఒక విద్య, అది ఏ పుస్తకంలోనూ ఉండదు, అంది.

ముందు గదిలో నాన్న మళ్ళీ మొదలుపెట్టాడు, ఫోనులో ఎవరికో, పొద్దుటినుంచి ఇది ఎన్నోసారో, లేదండీ బాగానే ఉంది, డ్యూటీ నుంచి నడిచే వచ్చింది, గుండెల్లో పట్టేసినట్టుంది, గ్యాసు అయ్యుంటుందంది, మా అమ్మాయి నాడి కూడా చూసింది, ఎనభై నాలుగు, బాగానే ఉంది, ఉన్నట్టుండి ఇలా, ఆ ఎనభై నాలుగు దగ్గరికి వచ్చేసరికి నాన్న గొంతులో చిన్న గర్వం, చెప్పిన ప్రతిసారీ తను చెవులు మూసుకుంటుంది, మూసుకున్నా వినపడుతుంది, ఆ మాట తప్పకుండా రాయమ్మా అన్నారు పాస్టరుగారు, చివరి ఘడియ వరకూ కూతురే నాడి పట్టుకుని సేవ చేసింది అని, తల్లి దగ్గర నేర్చిన విద్య తల్లికే అక్కరకొచ్చింది అని రాయి, వినేవాళ్ళకి ఎంత ఆదరణ, ఎంత ఓదార్పు, రాయక ఏం చేస్తుంది, రాసింది, పెద్ద అక్షరాలతోనే రాసింది, తన చెయ్యి రాస్తుంటే వేరెవరి చెయ్యో చూస్తున్నట్టు చూసింది.

రెండు వేళ్ళు, చూపుడు వేలు, మధ్య వేలు, అమ్మ ఎన్నిసార్లు చెప్పింది, తన చిన్న చెయ్యి మణికట్టు మీద పెట్టించి, ఇదిగో ఇక్కడ, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవెయ్యి, బొటనవేలు మాత్రం చచ్చినా పెట్టకు, దానికి సొంత నాడి ఉంటుంది, అది దొంగ, నీ గుండెనే పట్టుకొచ్చి అవతలివాళ్ళ గుండె అని చూపిస్తుంది, మా వార్డులో ఒక కొత్తమ్మాయి చీకట్లో మంచం కోడు పట్టుకుని డెబ్భై రెండు అని రాసేసింది తెలుసా, ఇనప మంచానికి ప్రాణం పోసిన మహాతల్లి అని ఆర్నెల్లు ఏడిపించాం, ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకుని నవ్విందో తను, మరి మంగళవారం పొద్దున ఆ నవ్వు ఎక్కడికి పోయింది, స్కూలు సంచి ఒక భుజాన, అమ్మ మొహం బూడిద రంగులో, చెమటకి మణికట్టు జారిపోతోంది, నాడి చూడమ్మా అంది కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళు పెట్టింది, ఏమీ లేదు, జరిపింది, ఎక్కడో సన్నగా ఉన్నట్టు, మళ్ళీ లేనట్టు, భయమేసి చెయ్యి మొత్తం చుట్టి గట్టిగా పట్టుకుంది, అప్పుడు దొరికింది, బొటనవేలి కింద ఎంత స్పష్టంగా, ఎంత బలంగా, హమ్మయ్య అనుకుంది, గడియారం చూసి లెక్కపెట్టింది, ఎంత, అంది అమ్మ, ఎనభై నాలుగు అంది తను, బాగుంది, డాక్టరమ్మవే నువ్వు, కాసేపు పడుకుంటా, తలుపు దగ్గరగా వేసెయ్, గుమ్మంలో నాన్న ఒక కాలికి చెప్పు వేసుకుని ఒక కాలికి వేసుకోకుండా నిలబడి, ఆస్పత్రికి పోదామా మరి అన్నాడు, ఎనభై నాలుగంట, వెళ్ళండి మీరు అంది అమ్మ, రెండో చెప్పు వేసుకుని వెళ్ళిపోయాడు, తను తలుపు దగ్గరగా వేసింది.

వెయ్యకపోతే, లేదా నాడి అందడం లేదమ్మా అని ఒక్క ముక్క అనుంటే, అమ్మకి తెలిసేది, అందకపోవడం అంటే ఏమిటో అమ్మకంటే బాగా ఎవరికి తెలుసు, లేచి కూర్చుని బండి పిలవండి అనేది, అనలేదు, ఎందుకంటే తను ఎనభై నాలుగు ఇచ్చింది, చేతులారా ఇచ్చింది, పది గంటలకి స్కూలు ఆయా వచ్చి, పరిగెత్తు, మీ అమ్మని పక్కింటివాళ్ళు ఆస్పత్రికి తీసుకెళ్ళారు అన్నప్పుడు కూడా ఆ ఎనభై నాలుగు ఎవరిదో తెలియదు, అమ్మ వార్డులోనే, అమ్మ తోమించి తుడిపించిన మంచం మీదే, అమ్మ చల్లటి చెయ్యి పట్టుకుని, నాడి కొట్టుకుంటోంది, పిన్నీ, కొట్టుకుంటోంది చూడు, అని జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది, నర్సు పిన్ని వచ్చి మెల్లగా తన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది, అది నీదేనమ్మా అంది, అప్పుడు చూసుకుంది, బొటనవేలు, అప్పుడు పొద్దున గుర్తొచ్చింది, అది గుర్తొచ్చినట్టు ఎవరికీ తెలియదు, డైరీకి కూడా తెలియదు.

లోపలి గదిలో పెద్దమ్మా పిన్నీ ఇంకా వాదించుకుంటున్నారు, ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం తెచ్చింది పిన్ని, ఇదేం చోద్యమే, చర్చికి వేసుకునే మంచి బట్టలుండగా, దాన్ని డ్యూటీకి పంపిస్తున్నామా ఏంటి అంటోంది పెద్దమ్మ, అవునక్కా, ఇన్నేళ్ళూ అదొక్కటే నలగకుండా దాచుకుంది అంటోంది పిన్ని, పెద్దమ్మ ముక్కు చీదుకుంటూ, సరేలే, పిన్నులు తెస్తా, అని బయటికొచ్చింది, తనని దాటుకుంటూ టీ చల్లారిపోతోందే మూగపిట్టా అంది, ఇప్పుడే చెప్పాలి, ఇప్పుడు కాకపోతే నాలుగింటికి ఆ వాక్యం చర్చి నిండా వినపడుతుంది, అందరూ తల తిప్పి తనని చూసి ఎంత మంచి కూతురు అనుకుంటారు, ఆ తర్వాత ఇక ఎవరికి చెప్పినా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఇప్పటికి కాలనట్టు, కాళ్ళు వాటంతటవే గుమ్మం దాకా వెళ్ళాయి, మంచం మీద అమ్మ తెల్లగా, పిన్ని చేతిలో ఆ గడియారం, పిన్నీ అంది, ఏంటమ్మా, పొద్దున కూడా బొటనవేలితోనే చూశాను, ఏ పొద్దున, మంగళవారం, ఇంట్లో, రెండు వేళ్ళకి అందలేదు పిన్నీ, ఎనభై నాలుగు నాది, అప్పుడే ఆస్పత్రికి తెచ్చుంటే బతికేదా.

పిన్ని చేతిలో గడియారం ఆగిపోయింది, నడుస్తూనే ఉంది, చెయ్యే ఆగింది, ఆవిడ చూపు తన మొహం మీదికి వచ్చింది, అక్కణ్ణుంచి తన కుడిచేతి మీదికి దిగింది, ఛ, అదేం లేదమ్మా అంటుందేమో, ఏం మారేది కాదులే అంటుందేమో, ముందు గదిలో పాస్టరుగారు తను రాసిన పేజీ తెప్పించుకుని గొంతు సవరించుకుంటూ చదివి చూసుకుంటున్నారు, చివరి ఘడియ వరకూ కూతురే నాడి పట్టుకుని, బాగా రాసింది పిల్ల అంటున్నారు, ఒక్క మాట పిన్నీ, అబద్ధమైనా సరే, పిన్ని లేచి వచ్చింది, దగ్గరగా వచ్చింది, తన తల మీద చెయ్యి వేసి నిమిరింది, లోపల పని ఉందమ్మా అంది, అని తలుపు వేసింది, ఎంత నేర్పుగా వేసిందంటే, గడి పడిన చప్పుడు కూడా కాలేదు, తను అక్కడే నిలబడింది, అరచెయ్యి తలుపు మీద ఆనించి, చెక్క మీద బొటనవేలి కింద నాడి కొట్టుకుంటోంది, స్పష్టంగా, బలంగా, ఈసారి అది ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు.