పొయ్యి వెలిగించరాదు

"ఎక్కడికెళ్లాలో నువ్వే చూడు. నీ ఇష్టం," అన్నాడు భర్త.

ఆమె అప్పుడు పొంగిపోయిన పాలు ఎండి అట్టకట్టిన స్టవ్‌ని గీకుతోంది. శని ఆదివారాలు ఎక్కడైనా టెంటులో ఉండి రావాలని నెల రోజులుగా ఇంట్లో ఒకటే గోల. ఊరికి దగ్గర్లో అలాంటి క్యాంపులు మూడున్నాయి. ఒకటి ఎంచి, ఫోన్ చేసి, చోటు ఖాయం చెయ్యాలి. మహా అయితే పావుగంట పని. కానీ ఈ ఇంట్లో "నీ ఇష్టం" అన్న మాట వినపడితే చాలు, ఆమె గుండెలో రాయి పడుతుంది. పరదాలు నీ ఇష్టం అన్నారు. తీరా తెచ్చి కట్టాక, గదంతా చీకటి చేసిందని ఏడాది పాటు దెప్పారు. బుజ్జిదాని స్కూలు నీ ఇష్టం అన్నారు. ఇప్పటికీ దానికి లెక్కల్లో మార్కులు తగ్గితే అందరూ కూడబలుక్కున్నట్టు ఆమె వంకే చూస్తారు. అందుకని ఆ మాట వింటే భయం. దానికంటే పెద్ద తంటా ఇంకోటుంది. నిజంగా తన ఇష్టం ఏమిటో ఆమెకే తెలీదు.

చెప్పులేసుకుంటూ భర్త మళ్లీ అన్నాడు. "దగ్గర్లోదే చూడు. అరగంట దాటితే వద్దు. ఏదన్నా మర్చిపోతే నువ్వు గబుక్కున ఇంటికొచ్చి తెచ్చేయొచ్చు."

నువ్వు! మర్చిపోయేది ఎవరైనా సరే.

హాల్లోంచి అత్తగారు అందుకుంది. "అమ్మాయ్, కింద కూర్చునే మరుగుదొడ్డయితే నావల్ల కాదు, మోకాళ్లు సహకరించవు. బయటి తిండి కూడా పడదు. నీ చేత్తో వేడివేడిగా ఇంత వండి పెట్టావంటే చాలు. నాకేం పెద్ద కోరికలుంటాయి చెప్పు!"

ఆమె "సరే అత్తయ్యా" అంది. స్టవ్ మీద మరక మాత్రం పోలేదు.

ఆమె పని చేసేది కళ్లజోళ్ల షాపులో. పొద్దున్నించీ వచ్చేవాళ్లకి ఒక ఫ్రేమ్ తీసి ఇంకోటి పెట్టి, ఇదా అదా అని అడగడమే ఉద్యోగం. వాళ్లు అద్దంలో చూసుకుని తల గోక్కుంటూ, "మీరే చెప్పండి మేడమ్" అంటారు. ఆమె క్షణం తడుముకోదు. "నల్లది," అంటుంది. ఆ ఊళ్లో సగం ముక్కుల మీద ఆమె ఎంచిన ఫ్రేములే ఉన్నాయి. అలాంటి మనిషి ఆ రోజు కౌంటర్ వెనక ఫోన్ పట్టుకుని మూడు క్యాంపుల ఫొటోలు అటు జరిపి, ఇటు జరిపి, కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటోంది.

"అమ్మా, ఓ టీ పడేద్దురూ," అన్నాడు షాపు యజమాని. "మీ చెయ్యి పడితే ఆ రుచే వేరు." షాపులో పని చేసేది నలుగురు. తక్కిన ముగ్గురికీ చేతులు లేవా అంటే, నిక్షేపంగా ఉన్నాయి. ఆమె లేచి వెళ్లి నీళ్లు పెట్టింది.

టీ మరుగుతుంటే మళ్లీ ఫోన్ చూసింది. మొదటిది సరస్సు పక్కన, కిందటేడు వెళ్లిందే. అప్పుడు తిరిగొచ్చాక, "సరస్సు ఎలా ఉందండీ?" అని షాపులో అడిగితే, భర్త తీసిన ఫొటోలు గుర్తు తెచ్చుకుని చెప్పింది. రెండు రోజులూ ఆమె అక్కడే ఉంది మరి! గాలికి ఆరిపోతోందని స్టవ్‌ని ఒక పెద్ద బండ చాటున పెట్టారు. సరస్సు ఆ బండకి అవతల. గిన్నెలు తోమే కుళాయి ఇంకా వెనక. సాయంత్రం భర్త, "రావోయ్, ఆకాశం భలే ఉంది!" అని కేకేశాడు. పాపం, పిలవలేదని అనడానికి లేదు. ఆమె "వస్తున్నా" అంది. అడుగంటిన గిన్నె తోమేసరికి చీకటి పడింది. వెనక్కొస్తూ కార్లో అత్తగారు, "ఇంట్లో ఉన్నట్టే ఉందమ్మాయ్, ఏ లోటూ లేదు," అని మెచ్చుకుంది. అది మెప్పే. ఆమె సంతోషపడింది కూడా. మరి కళ్లలో ఆ నీళ్లెందుకొచ్చాయో అర్థం కాక కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

రెండోది కొండ కింద. నీడ, ఉయ్యాల, అన్నిటికీ మించి వంటకి వేరే పాక, రెండు బర్నర్ల స్టవ్, సింకు. ఇంట్లోవాళ్లకి ఇదే నచ్చుతుంది, సందేహం లేదు.

మూడోది ఏమంత బాగాలేదు. ఎండుగడ్డి మైదానం, నాలుగు టెంట్లు, ఒక బోర్డు. బోర్డు మీద రాసుంది: "గడ్డి అంటుకుంటుంది. పొయ్యి, స్టవ్, నిప్పు ఏదీ వెలిగించరాదు. భోజనం మేమే పెడతాం."

ఆమె మళ్లీ చదివింది. ఇంకోసారి చదివింది. ఛీ, ఇదేం బుద్ధి అనుకుంది. వండి పెట్టడం బరువైపోయిందా తనకి? కాదే, వంటంటే తనకి ఇష్టమే. ఇష్టమేనా? బుజ్జిది లొట్టలేసుకుంటూ తింటుంటే బాగానే ఉంటుంది. మరి ఈ ఎండుగడ్డిని చూస్తే ప్రాణం ఇలా లేచొస్తోందేమిటి? బద్ధకమా, స్వార్థమా, ఒంట్లో ఏదన్నా తేడా చేసిందా? ఏదీ తేలలేదు. ఈలోపు టీ పొంగింది.

అక్కడికి ఫోన్ చేస్తే ఆ క్యాంపు నడిపే ఆవిడే ఎత్తింది. కుర్చీలా ఉండే దొడ్డి ఉందంది. పెద్దావిడకి కారం తగ్గించి మెత్తగా వండుతామంది. ఇంటి నుంచి ఇరవై నిమిషాలే.

"ఒక్క మాట ముందే చెప్తున్నానండీ," అంది ఆవిడ. "మా దగ్గర టీ కూడా కాచుకోనివ్వం. వచ్చాక గొడవపడతారు చాలామంది."

"టీ కూడానా?"

"టీ కూడా."

ఆమె గొంతు తగ్గించింది. "ఎవరైనా కాచమని అడిగినా?"

అవతల ఆవిడ నవ్వింది. "ఎవరడిగినా సరే, కుదరదమ్మా."

సాయంత్రం చెప్తానని ఫోన్ పెట్టేసింది.

రాత్రి భోజనాలకి ఇంకా గంట టైముంది. ఆమె కూరలు తరుగుతుంటే భర్త ఆమె ఫోన్లో ఫొటోలు చూశాడు. "ఈ కొండ కిందది అదిరింది! వంటగది చూశావా, మనింట్లో కంటే బాగుంది."

"నేను మూడోది అనుకుంటున్నా," అంది ఆమె.

"అక్కడ పొయ్యే లేదుగా!"

"వాళ్లే వండుతారు. అత్తయ్యకి వేరేగా కూడా. దొడ్డి సంగతి అడిగాను. ఇరవై నిమిషాలు."

అత్తగారు వంటింటి గుమ్మంలోకొచ్చింది. భర్త బోర్డు మీది అక్షరాలు పెద్దవి చేసి చదివాడు. వెటకారం ఆవగింజంతైనా లేకుండా, నిజంగానే అర్థం కాక అడిగాడు.

"అంతా బాగానే ఉంది గానీ... మరి అక్కడ రెండ్రోజులూ నువ్వేం చేస్తావ్?"

కత్తి ఆగిపోయింది. ఆమె నిజాయితీగా వెతికింది జవాబు కోసం. నడుస్తుందా? పడుకుంటుందా? ఆ గడ్డి వంక చూస్తూ కూర్చుంటుందా? కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? పెళ్లికి ముందు సెలవుల్లో తనేం చేసేదో గుర్తు చేసుకోబోయింది, రాలేదు. భయమేసింది. తోచక పిచ్చెక్కుతుందేమో కూడా.

"తెలీదు," అంది.

చెయ్యి తుడుచుకుని భర్త చేతిలోంచి ఫోన్ తీసుకుంది. అందరూ చూస్తుండగానే పొద్దుటి నంబరు నొక్కింది.

"నేనేనండీ. నలుగురం వస్తాం. ఖాయం చేసెయ్యండి."

"మళ్లీ చెప్తున్నానమ్మా, పొయ్యి ఉండదు," అంది అవతల ఆవిడ. "ఇంట్లోవాళ్లు సరేనన్నారా?"

ఆమె భర్త వైపు చూసింది. లోపల ఇంకా ఏదీ తేలలేదు.

"నా ఇష్టం అన్నారండీ," అంది.