కుడి భుజంలో దూది

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. నా దగ్గర ఆ సామెత తిరగబడింది. బజార్లో దొరికే బట్టలేవీ నాకు నచ్చవు. బుట్ట చేతులు, గుండ్రటి కాలరు, గుడ్డ చుట్టిన గుండీలు కావాలి నాకు. అన్నీ నేనే కుట్టుకుంటాను. వీధిలో నన్ను ‘పాతకాలం’ అని పిలుస్తారు. పిలుచుకోనీ. వాళ్ల బట్టలు రెండు ఉతుకులకే పీలికలవుతాయి, నావి కావు.

మా మేనత్త పోయాక ఆవిడ ట్రంకుపెట్టె మా ఇంటికి వచ్చింది. అడుగున ఆవిడ చిన్నప్పటి గౌను ఉంది. నీలం మీద తెల్ల పూలు. రంగు వెలిసింది కానీ ఒక్క కుట్టు కూడా చెక్కుచెదరలేదు. మా నాయనమ్మ చేతిపని అది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. నా కూతురు స్కూల్లో పాట పాడబోతోంది. ఆ రోజుకి అచ్చం ఇలాంటిదే దానికి కుట్టి తీరాలనుకున్నాను.

పాత బట్టకు నకలు తీయాలంటే కుట్లు విప్పి, ఒక్కో ముక్కకూ ఇస్త్రీ చేసి, కాగితం మీద పరిచి చుట్టూ గీత గీయాలి. బ్లేడుతో విప్పుతుంటే కుడి భుజం లోపల చిన్న దూది మెత్త బయటపడింది. ఎడమ వైపు లేదు. ముక్కలు పరిచి చూస్తే కుడి భుజం బాగా కిందికి దింపి కత్తిరించి ఉంది. మేనత్తకు కుడి భుజం వాలి ఉండేది. అది పైకి తెలియకుండా నాయనమ్మ దూది పెట్టి సర్దిందన్నమాట. మాసిన ఆ మెత్తను పీలికల డబ్బాలో పడేశాను.

అమ్మ గుమ్మంలోంచి చూసింది.

“ఆ భుజం సరిచేసి కత్తిరించవే.”

“నకలంటే నకలేనమ్మా. వేసి చూశాక సరిచేస్తాలే.”

“నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు,” అంటూ అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

భుజాలు సమంగా ఉన్న పిల్లకు అలాంటి గౌను వేస్తే మెడ దగ్గర ముడత పడాలి, కుడి చెయ్యి కిందికి జారాలి. అలా జరుగుతుందని తెలిసే గుండుసూదులు పట్టుకుని కూర్చున్నాను. నా కూతురు గౌను వేసుకొచ్చింది. ఎక్కడా ముడత లేదు. ఒంటికి పోతపోసినట్టు కూర్చుంది. మురిసిపోయాను. ఆ మురిపెం ఎంతోసేపు లేదు. వంకర గౌను తిన్నగా ఎలా కూర్చుంది?

గౌను విప్పించాను. లోపలి బనీనుతో నిలబడ్డ పిల్లకు కుడి భుజం కిందికి వాలి ఉంది.

“తిన్నగా నిలబడు.”

“తిన్నగానే ఉన్నాగా అమ్మా.”

ఎముకల డాక్టరు నొక్కి చూసి, ఇది పుట్టుకతో వచ్చిందన్నాడు. ఇన్నాళ్లూ మీరు గమనించలేదా అని నన్నే అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. దాని ఒంటిమీది ప్రతి బట్టా నేను కుట్టిందే! ఇంటికొచ్చి పోయిన ఏడాది కుట్టిన గౌను తీసి టేపు పెట్టాను. రెండు భుజాలూ సమానం. పోయిన ఏడాది అది పిల్లకు ముడత లేకుండా సరిపోయింది.

అమ్మకు చెప్పాను. అమ్మ ముఖం పాలిపోయింది.

“మీ నాయనమ్మా ఇదే మాట అనేది. పిల్ల బాగానే ఉండేది, ఆ గౌను కుట్టాకే ఇలా అయిందని. అప్పటికి నేను కొత్త కోడల్ని. ముసలావిడకి మతి చలించిందనుకున్నాం అందరం.”

“ఆవిడ దేన్ని చూసి కుట్టింది?”

“నాకేం తెలుసే.”

కత్తెర తీశాను. పాత గౌను ముక్కలు, కొత్త గౌను, గీసిన కాగితాలు, అన్నీ చిన్న చిన్న పీలికలు చేసి డబ్బాలో పడేశాను. ఏడుస్తూనే చేశాను. ఇక దీన్ని చూసి ఎవరూ ఏ పిల్లకూ కొలత తీయలేరు. కానీ నా కూతురి భుజం మాత్రం లేవలేదు.

పాట రోజు దగ్గరపడింది. “అందరూ నవ్వుతారమ్మా, నేను వెళ్లను,” అని పిల్ల మంచం దిగలేదు. ఏ తల్లి చూడగలదు? తెల్ల గుడ్డ తెచ్చి, కుడి భుజం దించి కొత్త గౌను కత్తిరించాను. ఎత్తు కోసం లోపల దూది పెట్టాలి. నాయనమ్మ ఎలా పెట్టిందో చూద్దామని డబ్బాలోంచి ఆ మెత్త వెతికి తీసి విప్పి, అలాగే చేతికందిన ఓ పీలికలో కొత్త దూది చుట్టాను.

నాయనమ్మ దూదికి చుట్టిన గుడ్డ నీలం పూలది కాదు. అంతకంటే పాతది, ఎర్రచారల గుడ్డ. అంచులు అడ్డదిడ్డంగా తెగి ఉన్నాయి. కొలత కోసం కత్తిరిస్తే అలా ఉండదు. కసిగా పీలికలు చేస్తేనే అలా ఉంటుంది.

నాయనమ్మ కూడా కత్తెర తీసింది.

అప్పుడు నా చేతివైపు చూసుకున్నాను. డబ్బాలోంచి తీసి నేను అప్పటికే దూది చుట్టేసిన పీలిక నీలం మీద తెల్ల పూలది.

“అయిందా అమ్మా?” అంటూ పిల్ల వచ్చి గౌను లాక్కుంది. తొడుక్కుని, ఆ మెత్తను తనే లోపల భుజం మీద సర్దుకుని అద్దం ముందు నిలబడింది. రెండు భుజాలూ సమంగా కనిపిస్తున్నాయి. ఎన్నాళ్లకో నవ్వింది.

“ఎంత బాగుందో! దీన్ని జాగ్రత్తగా దాచమ్మా. నా కూతురికీ అచ్చం ఇలాంటిదే కుడతాను.”