చెరిసగం

ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు అవతలి గట్టునే ఉండిపోయింది. ఎండ అప్పటికే మండుతోంది. ఇసుకలో ఒకసారి కూలబడితే మళ్లీ లేవలేడని జ్ఞానమ్మ తన మొగుడు ఇస్సాకుని నడుం పట్టుకుని నిలబెట్టింది. పక్కనే సూర్యనారాయణ, అతని భార్య కనకమ్మ. పదింటికల్లా కాకినాడ చేరకపోతే మిషను ఇంకొకరికి ఇచ్చేస్తారు. కిడ్నీలు రెండూ పాడైన మనిషికి ఒంట్లో రక్తాన్ని కడిగి పెట్టే మిషను అది. వారానికి రెండుసార్లు తప్పదు. ఒక్కసారి తప్పితే రెండో రోజుకే ముఖం ఉబ్బిపోయి, ఊపిరి అందక, వెల్లకిలా పడుకోవడానికి కూడా ఉండదు.

ఇద్దరూ కొబ్బరి వలుపు కూలీలే. ఇస్సాకుది అంబాజీపేట, సూర్యనారాయణది పి.గన్నవరం. జబ్బు చేశాకే, ఆసుపత్రి బల్ల మీద పరిచయమయ్యారు. నేలలో పాతిన ఇనప మొనకి కాయ గుచ్చి పైనున్న పీచు డొక్క ఊడదీయడం వాళ్ల పని. వెయ్యి కాయలు వలిస్తే పాతిక రూపాయలొచ్చే రోజులవి. వలుపు జట్టుల్లో ఒక కట్టుబాటుంది. ఎవడు ఎన్ని వలిచినా సాయంత్రానికి అందరి వాటా ఒక్కటే. జ్వరం ఒంటితో వచ్చి నాలుగు కాయలు వలిచినవాడికీ అంతే. దాన్ని ఎవరూ దానమనుకోరు. ఆ జ్వరం రేపు తనకీ రావచ్చు కదా.

మిషనుకి విడతకి నాలుగువందలు. పాడిగేదె, మెళ్లో పుస్తెలు, అన్నీ అమ్మితే రెండు నెలలు గడిచాయి. సరిగ్గా అప్పుడే ఆ మిషను ఉన్న నర్సింగ్‌హోమ్ డాక్టరు కామేశ్వరరావుగారు ఆ కబురు చెప్పారు. పైదేశం కంపెనీవాళ్ల కొత్త సూదిమందట, రక్తం పడుతుందట. అది వేయించుకున్నన్నాళ్లూ మిషను ఉచితం. ఇంగ్లీషు కాగితాలు ఏడు పేజీలు ముందు పెట్టారు. మూడో తరగతి చదివిన ఇస్సాకు సంతకం పెట్టాడు, జ్ఞానమ్మ సాక్షి వేలిముద్ర వేసింది. సూర్యనారాయణ వాళ్లూ అలాగే పెట్టారు. అందులో ఏం రాసుందని ఎవరూ అడగలేదు. అడిగితే ఇవ్వడం మానేస్తారేమోనని భయం.

మనిషికి వారానికి మూడు సీసాలు. ఒక్కోదాని మీదా ఒక నంబరు. ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య పెట్టి ఇంటికి తెచ్చుకుంటే, అంబాజీపేటలో కాంపౌండరు అంజిబాబు ఇద్దరికీ సూది వేసేవాడు. నాలుగు నెలలకి ఇస్సాకు పెదాలకి రంగు తిరిగింది. వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు. సూర్యనారాయణ గోళ్లు మాత్రం సున్నం కొట్టినట్టే ఉండిపోయాయి. కనకమ్మ ఆ తప్పు తనదే అనుకుంది. బస్సులో ఐసు కరిగిపోయి మందు చచ్చిపోతోందనుకుంది. ఫ్లాస్కుకి తడిగుడ్డ చుట్టింది. మైల తగులుతోందేమోనని నెలలో ఆ మూడు రోజులూ దాన్ని ముట్టుకోలేదు. శనివారాలు పస్తులుంది. చెప్పొద్దూ, మొగుడి కంటే ఆవిడే సగమైపోయింది.

ఒకరోజు కాంపౌండరు దగ్గర ఇస్సాకే అన్నాడు.

“బావా, నీ సీసాలో సరుకు లేదయ్యా.”

“సీసాలో కాదు బావా, నా ఒంట్లోనే లేదు,” అని సూర్యనారాయణ నవ్వబోయి ఆయాసపడ్డాడు.

“అంజిబాబుగారూ, రెండూ కలిపి చెరిసగం పొడిచెయ్యండి. వలుపులో వాటా ఎలాగో ఇదీ అలాగే,” అన్నాడు ఇస్సాకు.

అంజిబాబు నంబర్లు చూపించి గొణిగాడు. ఆఖరికి కలిపి పొడిచాడు. రెండు నెలలు తిరిగేసరికి సూర్యనారాయణ ఎవరి సాయమూ లేకుండా బస్సెక్కాడు. ఇస్సాకుకి నీరసం తిరిగొచ్చింది. పైకి చెప్పలేదు గానీ జ్ఞానమ్మకి తెలుస్తూనే ఉంది.

రేవులో పంటు కోసం నిలబడ్డ ఆ రోజు ఎలాగో పదింటికి చేరారు. మగవాళ్లిద్దరినీ మిషను గదిలో పడుకోబెట్టారు గానీ సూదులు గుచ్చలేదు. ఆడవాళ్లిద్దరినీ డాక్టరుగారు లోపలికి పిలిచారు. రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టి, ఒకరికి రక్తం తగ్గడమేమిటి, ఇంకొకరికి పెరగడమేమిటి, మందు ఏం చేశారని నిలదీశారు. కనకమ్మ దాచలేదు.

“ఆయ్, చెరిసగం వేయించేమండి.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఏ నంబరు సీసాలో ఏముందో రాసి మూసిన కవరు నిన్న కంపెనీవాళ్లు విప్పి చెప్పారన్నారు. ఇస్సాకు సీసాల్లో ఉన్నది మందు. సూర్యనారాయణ సీసాల్లో ఉన్నది ఉత్త ఉప్పునీళ్లు. ఎవరిది ఏదో తనకూ నిన్నటిదాకా తెలియదన్నారు. సగం మంది రోగులకి నీళ్లిచ్చి పోల్చి చూడకపోతే మందు గుణం తేలదని, తేలితే రేపు వేలమంది బతుకుతారని ఓపిగ్గానే చెప్పారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అది అబద్ధమూ కాదు.

కనకమ్మ ఒళ్లోని ఫ్లాస్కుకి చుట్టిన తడిగుడ్డ విప్పింది.

“అయితే ఐసు కరిగిపోవడం వల్ల కాదాండీ?” అంది.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. ఆమెని వరండాలో కూర్చోమన్నారు. ఆమె వెళ్లాక జ్ఞానమ్మకి ఒక కాగితం చూపించారు. ఇస్సాకు కొనసాగవచ్చు, మిషనూ ఉంటుంది, ఇక్కడొక వేలిముద్ర వేస్తే చాలన్నారు. నర్సు ఎలీసమ్మ ఆమె బొటనవేలు పట్టుకుని సిరాపెట్టెకి అద్దింది.

“అందులో ఏం రాసేరో చదవండమ్మా,” అంది జ్ఞానమ్మ. అన్నాక తనకే భయమేసింది.

ఎలీసమ్మ డాక్టరు వంక చూసింది. ఆయన కిటికీవైపు తిరిగారు. ఆమె ఇంగ్లీషు చూసి మెల్లగా తెలుగులో చెప్పింది. ‘నా భర్త మందును సూర్యనారాయణ కుటుంబం మాకు తెలియకుండా వాడుకుంది.’

“ఒక్క ముక్కే కదమ్మా,” అన్నారాయన. “మీరూ కలిసి చేశారంటే కంపెనీవాళ్లు ఇద్దరినీ తీసేస్తారు. అతన్ని ఎలాగూ ఇందులోంచి తీసెయ్యాలి. నీ మొగుడైనా బతుకుతాడు. వెయ్యకపోతే ఈ పూట నుంచే ఇద్దరికీ మిషను పెట్టలేను.”

సగం తెరిచిన తలుపులోంచి మిషను గది కనిపిస్తోంది. ఇస్సాకు చెయ్యి చాపుకుని సిద్ధంగా పడుకున్నాడు. కాళ్లు చలిమిడి ముద్దల్లా ఉన్నాయి. పక్క మంచం మీది సూర్యనారాయణతో ఏదో చెబుతున్నాడు, కొబ్బరికాయ ధర గురించే కాబోలు, ఇద్దరూ నవ్వుతున్నారు. జ్ఞానమ్మ వేలు కాగితం దాకా వెళ్లింది. అంగుళం మేర పైన ఆగింది.

“మాకు తెలియకుండా జరిగింది ఒకటుందండీ,” అంది. “అది ఇందులో రాయలేదు.”

పైట చెంగుతో వేలు తుడుచుకుంది. సిరా వదల్లేదు, గుడ్డంతా నల్లగా పాకింది. వరండాలోకి వచ్చి కనకమ్మ పక్కన కూర్చుంది. ఏమన్నారు వదినా అని కనకమ్మ అడిగింది. జ్ఞానమ్మ ఆమె చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

లోపల మిషను కడుగుతున్న చప్పుడు ఆగింది. నర్సు ఎలీసమ్మ ఆ పూట జాబితా చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వరండాలో తమ వంతు కోసం కాచుకున్న రోగులందరూ తలెత్తి చూశారు. మంచాల మీది ఇద్దరినీ ఉంచాలో, వాళ్ల చోట ఇంకెవరి పేరు పిలవాలో తెలియక ఆమె అక్కడే నిలబడిపోయింది.