డిక్కీలో కొత్త బెల్టు

బానెట్‌కు కర్ర ఊతమిచ్చి సాలమోను లోపలికి వంగాడు. ఫ్యాన్ బెల్టును రెండు వేళ్లతో మెలితిప్పి చూశాడు. లోపలి వైపంతా ఎండిన వరిమడిలా నెర్రెలు.

మామూలుగా ఒక్క నెర్రె కనిపిస్తే చాలు, మార్చేసేవాడు. పాతికేళ్ల అంబాసిడర్‌కి మేస్త్రీ, వైద్యుడు అన్నీ తనే. పెట్రోలు ట్యాంకుకి సబ్బు మాటు తను వేసిందే, నీళ్ల పంపులో వాషరు పాత సైకిలు ట్యూబు కోసి తను చేసిందే. కొత్త బెల్టు డిక్కీలో ఉంది. అయినా బానెట్ దించేశాడు.

"బండి బాగానే ఉందాండీ?" ఎలీసమ్మ గుమ్మంలోంచి అడిగింది.

"ఆయ్," అన్నాడు భార్య మొహం చూడకుండా.

సాయంత్రానికి రావులపాలెం చేరాలి. ఏజెంటు సత్తిబాబు ఆమెను హైదరాబాదు బస్సెక్కిస్తాడు. అక్కణ్ణించి కువైట్. ఎవరింట్లోనో రెండేళ్లు వంటపని. రాజోలు టాక్సీ స్టాండులోకి వ్యాన్లు, ఆటోలు వచ్చాక ఈ కారెక్కే వాళ్లు లేరు. అమ్మేద్దామంటే, అతని అతుకులు తెలియని చేతికి అది స్టార్టే అవదు. సొంత మరమ్మతుల మధ్య తనే ఇరుక్కుపోయాడు. వెళ్లొద్దని ఆమెతో అనడానికి అతనికి మొహం చెల్లలేదు. ఆ మాట బెల్టు చేత అనిపిద్దామనుకున్నాడు.

బెల్టు మాట నిలబెట్టుకుంది. కొత్తపేట దాటి కాలవగట్టు ఎక్కగానే ఫట్‌మంది. డైనమో ఎర్రలైటు వెలిగింది. సాలమోను బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తి, తెగిన ముక్కను ఆమెకు చూపించాడు.

"అయిపోయింది. ఇవాళ్టికి బస్సందదు."

"డిక్కీలో కొత్తదుంది కదండీ. సంచి పెట్టినప్పుడు చూసేను."

"చేతులు ఆడట్లేదే."

ఎలీసమ్మ అతని చేతుల వంక చూసింది. అవి నిమ్మళంగానే ఉన్నాయి. ఆమెకు అర్థమైంది.

"నాకు మాత్రం సరదానా?" అంది చిన్నగా. "ఇక్కడ కూర్చుంటే ఇద్దరం ఈ బండిలోనే ముసలాళ్లమైపోతాం. జరగండి."

కొంగు బొడ్లో దోపి పానా అందుకుంది. ఈ పని ఆమెకు కొత్త కాదు. పెళ్లయిన కొత్తలో చించినాడ రేవుకు షికారు వెళ్తుంటే, దారిలో ఇలాగే బెల్టు తెగితే, పక్కన నిలబెట్టి అతనే నేర్పాడు. ఆమె ముక్కు మీద గ్రీజు చుక్క అంటింది. అతను చెప్పలేదు. ఆ చుక్కతోనే హోటల్లో పెసరట్టు తింది. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియక తనూ నవ్వింది.

ఇప్పుడు డైనమో బోల్టులు వదులు చేసింది. అతని లావు వేళ్లు దూరని సందులోకి ఆమె చెయ్యి సులువుగా దిగింది. కింది చక్రానికి, పై చక్రానికి, డైనమోకి బెల్టు తొడిగింది.

సైకిలు మీద పోతున్న ఎరిగినాయన ఒకాయన కాలు నేలకానించాడు. "ఏంటి సాలమోను గారూ, మేస్త్రీని మార్చేసేరా?"

"ఆయ్, ఈ ఒక్క పూటకేనండీ," ఎలీసమ్మే జవాబిచ్చింది, తలెత్తకుండా.

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. సాలమోను ఇక ఊరికే చూస్తూ నిలబడలేకపోయాడు. లివరుతో డైనమోను బయటికి లాగి పట్టుకున్నాడు. ఆమె బోల్టులు బిగించింది. బొటనవేలితో బెల్టును నొక్కి చూసి, "చాలా?" అంది.

"చాలు," అన్నాడు. చాలా బాగా బిగించింది.

రావులపాలెంలో బస్సు సిద్ధంగా ఉంది. సత్తిబాబు సంచి అందుకున్నాడు. ఎలీసమ్మ కిటికీ దగ్గర కూర్చుని, "రేడియేటర్లో నీళ్లు చూసుకోండి," అంది. సాలమోను తలూపాడు. బస్సు వంతెన వైపు తిరిగింది.

తిరుగుదారిలో బెల్టు కుయ్‌మని కూడా అనలేదు. కాలవ దగ్గర ఆగి, ఇంజను ఆపకుండానే నీళ్లు పోద్దామని బానెట్ ఎత్తాడు.

సందులో చెయ్యి పట్టడానికి ఆమె తీసి పెట్టిన ఆకుపచ్చ మట్టిగాజులు, బ్యాటరీ బిరడాల మధ్య ఇరుక్కుని, ఇంజను వణుకుకి సన్నగా మోగుతున్నాయి.