గన్నేరు వద్దని చెప్పడానికి

షమాకి పెళ్ళయి వేటపాలెం వెళ్ళిపోయాక ఆ ఇంటి తరఫున మాట్లాడే మనిషే లేకుండా పోయింది. అమ్మ జహీరున్నీసా మాట్లాడదని కాదు, ఆవిడ మాట్లాడితే తగాదా అవుతుంది. చెల్లెలు ఉజ్మాకేమో నోట్లోంచి మాట ఊడిపడటమే కష్టం. పదో తరగతికి వచ్చినా, క్లాసులో హాజరు పలకాలంటే పక్కపిల్ల మోచేత్తో పొడవాలి. అక్క ఉన్నన్నాళ్ళూ ఆ లోటు తెలియలేదు. చెల్లెలికి ఏది కావాలన్నా షమాయే అడిగేది, ఏది వద్దన్నా షమాయే చెప్పేది.

అక్క వదిలి వెళ్ళినవి ఒక తల్లిమేక, రెండు పిల్లలు. వాటికి ఏ ఆకు పడుతుందో, ఏది పడదో అంతా పత్తి చేల గట్ల మీద తిప్పుతూ ఆకు తుంచి చూపించి మరీ నేర్పింది. "అవిశాకు వెయ్యి. తుమ్మకాయలు మితంగా. మందు కొట్టిన మిరప చేను వైపు కన్నెత్తి చూడనివ్వకు. జొన్న కోశాక మోళ్ళకి పిలకలొస్తాయి చూడు, వానల్లేక ముడుచుకుపోయి ఉంటే వాటి జోలికి అసలు పోనివ్వకు. తిన్న కాసేపటికే పడిపోతాయి." ఇప్పుడు అవే గట్ల మీద ఒంటరిగా నడుస్తుంటే, ఏ చెట్టు దగ్గర ఆగినా ఉజ్మాకి అక్క గొంతే వినబడేది. ఆ గొంతు కోసమే ఒక్కోసారి అక్కర్లేని చెట్టు దగ్గర కూడా ఆగేది.

పక్కింటి సుబ్బరావమ్మ గారు మంచావిడ. పెరట్లో పీకిన గరిక, కత్తిరించిన రెమ్మలు పారెయ్యకుండా మేకల కోసం గోడ మీంచి వేసేది. ఆ గరికలో గన్నేరు కొమ్మలూ ఉండేవి. ఉజ్మా రోజూ పొద్దున్నే లేచి, మేకల్ని విప్పకముందే గన్నేరాకు ఒక్కటి కూడా మిగలకుండా ఏరి గోతిలో పూడ్చేది. ఒక్కమాట చెబితే తీరిపోయే పని. ఆ మాట ఎన్నోసార్లు గోడ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. అంత ప్రేమగా పెట్టేదాన్ని పట్టుకుని విషమని ఎలా అనడం? అమ్మకి చెబితే "మా మేకల్ని చంపుదామనుకున్నావా" అంటూ వీధికెక్కుతుంది. ఒకసారి కోడిపిల్ల దగ్గర అలాగే అయి, రెండిళ్ళకీ చాన్నాళ్ళు మాటల్లేవు. అప్పుడు కలిపింది షమాయే.

షమా అక్కడ జీడిపప్పు కార్ఖానాలో పనికి వెళుతోంది. ఆదివారం ఒక్కటే సెలవు. పెళ్ళయ్యాక ఒక్కసారే వచ్చింది, వచ్చినట్టే వెళ్ళింది. ఉజ్మా అడగ్గా అడగ్గా, ఒక ఆదివారం అక్క దగ్గరికి పంపడానికి అమ్మ చివరికి ఒప్పుకుంది. "పొద్దున చీరాల బస్సెక్కు. వాసిం బావ బస్టాండులో ఉంటాడు. సాయంత్రం బస్సుకి వచ్చెయ్యాలి. ఇది దాటితే పరీక్షలయ్యేదాకా కదిలేది లేదు."

ముందురోజు అన్నాలు తినేటప్పుడు అమ్మ మరో మాట అంది. "మేకల బెంగ పెట్టుకోకు. సుబ్బరావమ్మ గారికి చెప్పా. రేపు ఆవిడే మేత వేస్తానంది."

రేపు గన్నేరు ఏరడానికి ఉజ్మా ఉండదు.

తెల్లారి అమ్మ మిరప కోతల ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ఉజ్మా తల దువ్వుకుని, అక్కకిష్టమైన పండుమిరప పచ్చడి సీసా సంచిలో పెట్టుకుని బయల్దేరింది. పక్కింటి గేటు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. లోపల సుబ్బరావమ్మ గారు గరిక మోపు విప్పుతోంది. మధ్యలో వాడిన గన్నేరు రెమ్మలు.

"ఏందే, ఇంకా ఇక్కడే ఉన్నావ్? బస్సు పోద్ది. మీ అక్కని అడిగానని చెప్పు."

ఉజ్మా గేటు తీసుకుని లోపలికి వచ్చింది.

"ఏం మర్చిపోయావే?"

"మామ్మగారూ... గన్నేరు వద్దండి."

"ఆఁ?"

"మేకలకి విషమండి. ఆకూ, కొమ్మా, పువ్వూ, అన్నీ."

సుబ్బరావమ్మ గారు మోపు వదిలేసి ఆ పిల్లని ఎగాదిగా చూసింది. "ఓసినీ, నీకు మాటలొచ్చే. అయినా పశువుకి తెలీదటే? మా గేదె వాసన చూసి వదిలేసేది."

"పచ్చిగా ఉంటే వదిలేస్తాయండి. వాడి, గరికలో కలిసిపోతే తెలుసుకోలేవు."

"మరి ఇన్నాళ్ళూ వేశానే. ఎట్లా బతికాయి?"

"నేను ఏరేసేదాన్నండి."

"రోజూనా?"

ఉజ్మా తలూపింది. పెద్దావిడ మొహంలో నవ్వు పోయింది. మెట్టు మీద కూలబడి, "చెప్పొద్దటే, తింగరిపిల్లా. నా చేత్తో చంపేదాన్ని కదే," అంది. వెంటనే లేచి ఉజ్మా చెయ్యి పట్టుకుంది. "రా. ఇంకా ఏమేం వెయ్యకూడదో చూపించి వెళ్ళు."

ఉజ్మా ఒకసారి రోడ్డు వైపు చూసింది. ఒక్క మొక్క చెప్పకుండా వదిలేసినా, ఈవిడ ప్రేమ కొద్దీ సరిగ్గా అదే వేస్తుంది.

"ఈ మందారం?"

"వెయ్యొచ్చండి. ఇష్టంగా తింటాయి."

"బిళ్ళగన్నేరు?"

"వద్దండి. పేరులోనే కాదు, దాన్లోనూ విషమే."

"జామ రెమ్మలు? మునగ?"

"రెండూ మంచివేనండి."

"ఈ ఆముదం?"

"వద్దండి. గింజలైతే మరీ ప్రమాదం."

దొడ్డివైపు ఉమ్మెత్త దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద హారన్ వినబడింది. ఉజ్మా "అదీ వద్దండి" అని అరుస్తూనే పరుగెత్తింది. రోడ్డెక్కేసరికి బస్సు మలుపు తిరుగుతూ ఉంది. చెయ్యెత్తినా చూసేవాళ్ళు లేరు. తరువాతి బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు. దాంట్లో వెళితే తిరిగొచ్చే బస్సు అందదు.

వెనకాలే ఆయాసపడుతూ వచ్చిన సుబ్బరావమ్మ గారు తన ఫోను ఉజ్మా చేతిలో పెట్టి, మందార రెమ్మలు విరుచుకుని మేకల దగ్గరికి వెళ్ళింది.

ఉజ్మా ఫోను చేసి "అక్కా" అనగానే, "ఎక్కావా?" అంది షమా. వెనక పొయ్యి మీద ఏదో చిటపటలాడుతోంది. "మీ బావ అప్పుడే బయల్దేరాడు."

"లేదక్కా. బస్సు తప్పిపోయింది. మామ్మగారితో మాట్లాడుతూ ఉండిపోయాను."

"నువ్వా? మాట్లాడుతూనా?"

అంతా విన్నాక షమా పొయ్యి కట్టేసింది. "అప్పుడు నేనక్కడ లేకపోయానే," అంది. "ఆవిడకెట్లా చెప్పావో నాకూ అట్లాగే చెప్పు. మొదటి నుంచీ."

ఉజ్మా వెనక్కి నడిచి రెండిళ్ళ మధ్య గోడకి ఆనుకుని కూర్చుంది. మందారం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే చెబుతుంటే, అవతల అక్క ఊఁ కొడుతోంది. పెరట్లో మొక్కలన్నీ అయిపోయాయి. అక్క ఫోను పెట్టేస్తుందేమోనని, సుబ్బరావమ్మ గారి పెరట్లో లేని మొక్కల పేర్లు కూడా చెప్పుకుంటూ పోయింది.