తోడు పెరుగూ, పొడి పొట్లమూ

ఎల్లుండి ఐ.ఏ.ఎస్. ఇంటర్వ్యూ పెట్టుకుని బుద్ధున్నవాళ్లెవరైనా బండి మీద పానీపూరీ తింటారా? నేను తిన్నాను. మా ఇంటివాళ్లమ్మాయి ఇషిత "చలో కస్తూరీ దీదీ, టెన్షన్ పోతుంది" అంటే, ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఇద్దరం పోటీపడి తిన్నాం. తెల్లారినప్పటి నుంచి బాత్రూమ్‌కీ మంచానికీ మధ్య నాది ఒకటే తిరుగుడు. రేపు బోర్డు ముందు కూర్చోలేకపోతే ఇన్నేళ్ల చదువూ గంగపాలే! ఏడుపొచ్చేసింది.

ఇషిత వాళ్లమ్మ ఛాయాదేవి ఆంటీ గిన్నెడు పెరుగుతో మేడెక్కి వచ్చింది.

"కాపురానికొచ్చినప్పుడు ఏలూరు నుంచి రైల్లో తెచ్చుకున్న తోడమ్మా ఇది. ఇప్పటికీ అదే తోడేస్తున్నా. రెండు ముద్దలు తిను, ఇట్టే కట్టేస్తుంది."

మందుల కంపెనీలో పనిచేసే నా రూమ్మేట్ సాయిసుధ అడ్డం వచ్చింది. ఒక చేతిలో పొడి పొట్లాలు, ఇంకో చేతిలో ఆ పొడి గురించి సైబర్ కేఫ్‌లో తీయించిన ప్రింట్లు.

"మీ పెరుగులో ఏ క్రిమి ఉందో ఎవరికి తెలుసు ఆంటీ? ఇందులో ఉన్నది విరేచనాల మీద పరీక్షించి చూసిన మంచి ఈస్ట్."

"అచ్ఛా! మా పెరుగు తిని ఎవరు పోయారే?"

"రెండూ ఇచ్చెయ్యండి తల్లీ" అన్నాను.

"రెండూ తింటే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?" అన్నారిద్దరూ ఒక్కసారే.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం! ఒళ్లు మండి, పొట్లం చించి పెరుగులో కలిపి వాళ్ల ముందే తినేశాను. ఈ గొడవలో ఇషిత మాత్రం ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు జగ్గులో నింపుతూనే ఉంది, నేను తాగుతూనే ఉన్నాను. సాయంత్రానికి నెమ్మదించింది.

మర్నాడు బోర్డు ముందు కుర్చీలోంచి కదలకుండా, అడిగిన ప్రతిదానికీ నవ్వుతూ జవాబు చెప్పాను. ఇంటికొచ్చేసరికి ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు.

"పెరుగేగా?" అంది ఆంటీ.

"పొడే కదా?" అంది సాయిసుధ.

"నాకూ మోషన్స్ అయ్యాయి మమ్మీ" అంది లోపలి నుంచి ఇషిత. "దీదీ జగ్గులో నీళ్లే తాగా, బస్. దీదీ కన్నా ముందే ఠీక్ హో గయీ."

ఆంటీ మొహం పాలిపోయింది. "నీకూనా? చెప్పలేదేమే?"

"మీరిద్దరూ ఫైట్ చేస్తున్నారు కదా!"

ఆంటీ కూతుర్ని గట్టిగా దగ్గరికి లాక్కుంది. సాయిసుధ ప్రింట్లు మడిచి బ్యాగులో పెట్టేసింది. నాకు నవ్వాగలేదు.

"ఇంటర్వ్యూ కైసా హువా, దీదీ?" అంది ఇషిత, వాళ్లమ్మ చేతుల్లోంచే.

నేనెక్కడికి వెళ్లొచ్చానో అప్పటికి గాని ఆ ఇద్దరికీ గుర్తు రాలేదు.